టైలరక్క కడుపులో దారి

పోయిన వారం ఓపీలో ఒకావిడ కడుపు నొప్పని వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి పొట్ట తడుముతుంటే జాకెట్టు అంచు మడత పడి లోపలి కుట్టు బయటికి కనిపించింది. కుట్టు చివర పసుప్పచ్చ దారంతో మూడు ముళ్ళు, పక్కపక్కనే, ఆవగింజలంత. కుట్టు చివర అలా గుర్తు పెట్టే మనిషిని ఒక్కరినే ఎరుగుదును, నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఈ జాకెట్టు ఎవరు కుట్టారండీ?" అని అడిగాను.

పాపం, ఆవిడ హడలిపోయింది. కడుపులో ఏదో దొరికిందనుకుంది. "అమీర్‌పేటల టైలరక్క మేడం. ఏమైంది?"

"ఏమీ లేదమ్మా. ఆవిడ బాగున్నారా?"

"ఏడ బాగుండుడు మేడం, ఎండకాలంల పోయింది. పండుకున్నామె పండుకున్నట్టే పోయిందట. మా చెల్లె జాకెట్టు సగం కుట్టి పెట్టింది."

ఆవిడకి మందులు రాసి పంపించాక, తలుపు వేసుకుని ఏడవాలనుకున్నాను. ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది. నర్సు తొంగి చూసి వెళ్ళిపోయింది. ఏం చెయ్యను? నాకు ముందుగా గుర్తొచ్చింది టైలరక్క ముఖం కాదు. కళ్ళకి పెద్ద నల్లటి హెడ్‌సెట్ తగిలించుకుని, కొంగు నడుములో దోపి, మెళ్ళో టేపుతో, గాల్లో లేని మనిషికి ఛాతీ కొలుస్తున్న ఆకారం.

అప్పుడు నేను పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో సర్జరీ పీజీ రెండో సంవత్సరం. మాది కాకినాడ. పుస్తకం చదవడంలో మా బ్యాచిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఒక్కదాన్నే కూర్చుంటే కుట్లు కూడా చక్కగా వేసేదాన్ని. వెనకాల ఎవరైనా నిలబడితే మాత్రం వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయేవి. దారం లాగితే చర్మం తెల్లబడిపోయేదాకా లాగేసేదాన్ని. ఒకరోజు అందరి ముందూ మా ప్రొఫెసరుగారు నా చేతిలోంచి సూది పట్టుకునే పరికరం మెల్లగా తీసుకున్నారు.

"అమ్మా, నువ్వు చర్మం కుడుతున్నావా, మూట కడుతున్నావా?"

ఆ సాయంత్రం గదికి పిలిచి, "రెండు నెలలు టేబుల్ దగ్గరికి రావద్దు. అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీ వాళ్ళు ఆపరేషను గదిని కళ్ళకి కట్టి నేర్పే వీఆర్ యంత్రం తయారుచేస్తున్నారు, పరీక్షించడానికి డాక్టర్లు కావాలంటున్నారు. రోజూ మధ్యాహ్నం వెళ్ళు. అప్పటికీ చెయ్యి కుదరకపోతే వేరే బ్రాంచి సంగతి ఆలోచిద్దాం," అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటేనే నయం.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట మెట్రోలో ఒక్క స్టేషను. ఆ ఒక్క స్టేషను దూరంలోనే నా సర్జరీ చదువు అయిపోయిందని అనుకుంటూ దిగాను. జావా కోచింగులు, ఇంగ్లీషు కోచింగులు, లేడీస్ హాస్టళ్ళు, బోర్డు మీద బోర్డు. ఆ సందులో ఒక పాత బిల్డింగు. కింద టైలరు షాపు, దాని నెత్తిన మొదటి అంతస్తులో ఆ కంపెనీ. కంపెనీ అంటే సుధాకర్ గారు, ఇంకో ఇద్దరు. సుధాకర్ గారికి నలభై దాటాయి, బట్టతల, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టుండే ముఖం.

తలుపు తోసేసరికి కనిపించింది ఆ దృశ్యం.

"పెద్దాయనా, జర ఊపిరి బిగవట్టకు. పొట్ట వదులు చెయ్," అని గాలితో అంటోంది ఒక యాభై ఐదేళ్ళావిడ. టేపు చాపి, కళ్ళు మూసేసిన ఆ హెడ్‌సెట్‌తోనే ఏదో కొలిచి, "నలభై రెండు. షర్టుకు రెండున్నర మీటర్లు పడ్తది," అంది.

"ఎవరండీ?" అని గుసగుసగా అడిగాను.

"మా సీనియర్ టెస్టరండీ," అన్నారు సుధాకర్ గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో భయం, గర్వం రెండూ ఉన్నాయి.

ఆ కథ ఆయనే చెప్పారు. పై అంతస్తు ఏసీ నీళ్ళు కారి, షాపు ముందు వేలాడదీసిన ఎవరిదో పట్టు గుడ్డ తడిసింది. తడిసిన గుడ్డ భుజాన వేసుకుని టైలరక్క కొట్లాటకి పైకి వచ్చింది. ఆవిడ నోటికి తట్టుకోలేక, ఏం చెయ్యాలో తోచక, సుధాకర్ గారు చేతిలో ఉన్న హెడ్‌సెట్ ఆవిడ తలకి తగిలించేశారు. అందులో ఒక ఆపరేషను గది, బల్ల మీద ఒక ముసలాయన, ఆయన పొట్ట మీద తెరిచిన గాయం, దాన్ని తనంతట తానే కుడుతున్న సూది. ఆవిడ కెవ్వుమని కుర్చీలో కూలబడింది. నెత్తురంటే ఆవిడకి చచ్చేంత భయం. షాపులో ఎవరికైనా సూది గుచ్చుకుంటే ఆవిడే ముందు కళ్ళు మూసుకునేది.

కానీ కాసేపటికి, కళ్ళు ఇంకా గట్టిగా మూసుకునే, అడిగిందట. "గా కుట్టు ఎవరు ఏసిండ్రు?"

"కంప్యూటరక్కా."

"దానికి కుట్టుడు రాదు తమ్మీ. దారం గుంజితె అంచులు దగ్గరికి రావాలె. మీది రబ్బరు లెక్క సాగుతున్నది."

అప్పటికి ఎన్నో నెలలుగా డాక్టర్లు వచ్చి, పట్టుకుని చూసి, "ఏదో తేడాగా ఉంది," అని చెప్పి పోతున్నారు. ఆ తేడా ఏమిటో చెప్పిన మొదటి మనిషి ఈవిడ. సుధాకర్ గారు చేతులు జోడించి, రోజూ ఒక గంట వచ్చి చూడమని అడిగారు. నెత్తురు సంగతేంటంది ఆవిడ. ఏ రంగైతే భయం వెయ్యదో చెప్పమన్నారు. ఆవిడ ఆలోచించి, "నెమలికంఠం," అంది. వాళ్ళది సిరిసిల్లలో నేతపని ఇల్లు. ప్రపంచంలో ఉన్న రంగులన్నీ ఆవిడకి చీరల పేర్లతోనే తెలుసు.

అలా ఆవిడ కోసం ప్రత్యేకంగా ఆ యంత్రంలో నెత్తురు నీలం, ఆకుపచ్చ కలిసి మెరుస్తూ కారేది. బల్ల మీది ముసలాయన కళ్ళు తెరుచుకుని ఉండేవాడు, అవి కూడా మూయించింది. "ఆయన సూస్తుంటె పొట్ట ఎట్ల కోస్తరు, మీకు సిగ్గనిపియ్యదా?"

నేను చేరిన రోజు నన్ను కిందా మీదా చూసి, నమస్కారం కూడా పెట్టకముందే, "భుజం పధ్నాలుగు. ఎడమది జర కిందికి దిగింది. బ్యాగు మోస్తవు గదా," అంది. అది ఆవిడ పలకరింపు. అమీర్‌పేట చౌరస్తాలో నిలబడితే వచ్చేపోయే జనమంతా ఆవిడకి తప్పుగా కుట్టిన బట్టలే. "ఆంటీ," అని పిలిచాను. "ఆంటి గీంటి అనకు, ముసలైన లెక్క కొడ్తది. అక్క అను," అంది.

ఆ యంత్రం ముందు బల్లకి రెండు పిడులుండేవి. హెడ్‌సెట్ పెట్టుకుని ఆ పిడులు పట్టుకుంటే, కళ్ళకి కనిపించే సూది చర్మంలోకి దిగినప్పుడు పిడి బరువెక్కుతుంది, దారం బిగిస్తే వెనక్కి లాగుతుంది. ఆ బరువులన్నీ టైలరక్క దిద్దినవే. పని అయ్యాక యంత్రం మార్కులు వేస్తుంది. "అది మార్కులేస్తది, నేను తిడ్త. నీకు ఏది అక్కరకొస్తదో సూసుకో," అనేది. రెండో హెడ్‌సెట్ తను పెట్టుకుని నాతోపాటే ఆ లేని గదిలోకి వచ్చి నిలబడేది.

మొదటి వారమంతా తిట్లే. "గట్ల పిసుకుతవేంది? దారం అంటే గొంతు నులిమే తాడా? ఒక గింజంత జాగ ఇడువు. రేపు గాయం వాస్తది గదా, అప్పుడు ఏడికి పోతది? కొత్త గుడ్డ తడిస్తె ముడుచుకుంటదని ముందే వదులు పెడ్తలేమా?"

సరిగ్గా ఇదే మాట మా ప్రొఫెసరుగారు ఏడాదిగా ఇంగ్లీషులో చెబుతున్నారు. నేను పరీక్షలో రాశాను కూడా. నా వేళ్ళకి అర్థమైంది మాత్రం ఆ రోజే.

ఒకనాడు హఠాత్తుగా అడిగింది. "ఒక్కదానివి ఉంటె మంచిగనే ఏస్తవు. నేను దగ్గరికి రాంగనే ఖరాబు చేస్తున్నవ్. ఎవరన్న సూస్తె చేతులు బిగుస్తయా?"

నేనెవరికీ చెప్పని సంగతి. తలూపాను. హెడ్‌సెట్‌లో తలూపితే కనిపించదని గుర్తొచ్చి, "అవునక్కా," అన్నాను.

"నాకు సుత గట్లనే ఉండె. పెండ్లిపిల్ల తల్లి వచ్చి ముంగట కూసుంటె మిషన్ నడువకపోయేది. ఏం ఫికర్ చెయ్యకు," అని హెడ్‌సెట్ తీసేసి, "తమ్మీ సుధాకర్, గీ రూములకు ఆడోళ్లను తోలు," అంది.

సుధాకర్ గారికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. రెండు రోజుల తరువాత నేను హెడ్‌సెట్ పెట్టుకుంటే, ఆపరేషను బల్ల చుట్టూ పట్టు చీరల్లో పదిహేను మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. సూది పట్టుకున్నానో లేదో ఒకావిడ ముందుకి వంగి, "అయ్యిందా? ఫంక్షన్ రేపే!" అంది. ఇంకొకావిడ, "పోయిన బేస్తవారమే ఇస్తనంటివి గదా!" మరొకావిడ, "మెడ జర ఎక్కువ కోసినవేమో సూడు!" అందరి గొంతూ టైలరక్కదే. సన్నగా, లావుగా, ముక్కుతో, ఒక్కత్తే కూర్చుని అన్నీ రికార్డు చేసింది.

సూది వదిలేసి కింద కూర్చుని నవ్వాను. కడుపు పట్టుకుని, కన్నీళ్ళొచ్చేలా. పక్క కోచింగు సెంటరువాళ్ళు గోడ మీద కొట్టారు. ఆ రోజు ఒక్క కుట్టు పడలేదు. మర్నాడు రెండు పడ్డాయి. పది రోజులు గడిచేసరికి ఆ పదిహేను మందీ అరుస్తూనే ఉన్నారు, నాకు వినబడటం మానేసింది. నెమలికంఠం నెత్తుట్లో నా ముళ్ళు ఒకదాని పక్కన ఒకటి, వదులుగా, సమంగా పడుతున్నాయి. యంత్రం మంచి మార్కులు వేసింది. అక్క తిట్టలేదు. టేపుతో కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం గాల్లోనే కొలిచి, కిందికి దిగి వెళ్ళిపోయింది.

ఆ తరువాత కొద్ది రోజులకే, మెట్ల మీద కుడి పక్క పట్టుకుని కూర్చుని కనిపించింది. ముఖం పాలిపోయింది. పక్కటెముకల కింద వేలితో నొక్కితే ఎగిరిపడింది. ఆసుపత్రికి లాక్కెళ్ళి స్కాన్ తీయిస్తే పిత్తాశయం నిండా రాళ్ళు. ఇంకో పెద్ద స్కాన్ చూసి మా ప్రొఫెసరుగారు నుదురు రుద్దుకున్నారు. పిత్తాశయం నుంచి వచ్చే చిన్న గొట్టం ఆవిడకి మామూలు దారిలో లేదు. కాలేయం నుంచి దిగే పెద్ద గొట్టానికి ఆనుకుని, దాని వెనకాల తిరిగి వచ్చి కలుస్తోంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తియ్యాల్సింది చిన్నది. పొరపాటున పెద్దదాన్ని కోస్తే మనిషి బతుకే తారుమారవుతుంది.

"నేను జేయించుకోను. నెత్తురుంటది," అంది టైలరక్క.

మూడు రోజులు బతిమాలాను. నాలుగో రోజు తనే అడిగింది. "నా ఫోటువులు ఉన్నయి గదా. మీ మిషన్ల నన్ను పెట్టుండ్రి. ముందుగాల నేను లోపలికి పోయి సూస్త."

సుధాకర్ గారు ఆ స్కాన్ తీసుకుని వారం రోజులు కష్టపడ్డారు. ఆ మధ్యాహ్నం నా జన్మలో మరిచిపోను. టైలరక్క తలకి నూనె రాసుకుని, బొట్టు దిద్దుకుని, ఎవరింటికో పేరంటానికి వెళ్తున్నట్టు వచ్చి, హెడ్‌సెట్ పెట్టుకుని తన కడుపులోకి తాను వెళ్ళింది.

మెడ చాచి పైకీ కిందికీ చూసింది. తరువాత, "అమ్మో! లోపల ఇంత జాగున్నదా?" అంది. "గిదా నా కార్జం? మస్తు పెద్దగున్నది. రంగు సుత మంచిగున్నది." చుట్టూ తిరిగింది. వంగి చూసింది. "గీ వంకాయ పిందె లెక్కున్నదేనా నన్ను ఇన్ని దినాలు పరేషాన్ జేసింది? నీకు నేనేం తక్వ జేసిన్నే?" అని తన పిత్తాశయాన్ని నిలబెట్టి తిట్టింది. ఆ రోజు పాఠం నేను చెప్పాను, ఆవిడ విన్నది. ఎక్కడ పట్టుకోవాలో, ఎటు లాగాలో చెబుతుంటే నెమ్మదిగా పొరలు విడదీసి, "ఆగు. గీడ రెండు పోగులు ఒకటే లెక్క కనవడ్తున్నయి. సన్నది కిందికెళ్లి తిరిగొచ్చింది. పిందె కాడికెళ్లి వట్టుకుంట పోతెనే తెలుస్తది, నడుమల సూస్తె మోసం జేస్తది," అని, అటునుంచి తడుముకుంటూ వచ్చి సరైనదాన్ని కత్తిరించింది. మొదటిసారే. నెత్తురు చుక్క పడలేదు.

తరువాత నన్ను చెయ్యమంది. తప్పు గొట్టం కోశాను. తెర మీద పెద్దగా హెచ్చరిక వెలిగింది.

"ఏమైంది? నేను సచ్చినట్టేనా?"

"చచ్చిపోరక్కా. కానీ చాలా పెద్ద ప్రమాదం."

"అంటె సచ్చినట్టే. మళ్ల మొదలువెట్టు."

అలా ఆ వారంలో టైలరక్కని ఎన్నిసార్లు చంపానో లెక్కలేదు. పక్కనే రెండో హెడ్‌సెట్‌లో నిలబడి తన చావు తనే చూసేది. "మళ్ల పోయిన," అనేది ప్రతిసారీ, బస్సు తప్పిపోయినట్టు. షాపులో ఎవరైనా కేకేస్తే కిటికీలోంచి, "రెండు నిమిషాలాగుండ్రి, సచ్చి వస్త!" అని అరిచేది. చివరికి ఆవిడ చావడం ఆగిపోయింది. వరసగా పదిసార్లు బతికించాను. ఆ రోజు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది. తను తినకూడదు కనుక పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చి ఇచ్చేసింది.

మా ప్రొఫెసరుగారి గదికి వెళ్ళి కుర్చీలో కూర్చుని, "సారూ, గీ పిల్లనే జెయ్యాలె. నా కడుపుల తొవ్వ గీ పిల్లకే ఎరుక," అంది.

ఆయన నా వంక చూశారు. రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు. ఆ సాయంత్రమే అమీర్‌పేట వచ్చి, నా వెనకాల నిలబడి, ఆ పదిహేను మంది ఆడవాళ్ళ అరుపుల మధ్య నేను చేసే పని మొదటినుంచి చివరిదాకా చూశారు. "పక్కన నేనుంటాను. ఆపమంటే ఆపెయ్యాలి," అన్నారు. మెట్లు దిగుతున్న ఆయన భుజాలు కదిలిపోవడం చూశాను. నవ్వుతున్నారు.

ఆపరేషనుకి ముందురోజు టైలరక్క బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్ళొచ్చింది. ఏం మొక్కుకున్నావక్కా అంటే, "మొక్కుడేంది, చెప్పొచ్చిన. లోపల గీ పిల్ల ఉంటది, బయట నువ్వు కూసోమని," అంది.

ఆపరేషనుకి తయారుచేస్తున్న నర్సు ఒంటి మీద లోహమేమీ ఉండకూడదంది. టైలరక్క పుస్తెలతాడుకున్న పిన్నీసులు తీసింది. తరువాత జాకెట్టు అంచులోంచి ఒక సూది. కొంగులోంచి రెండు. కొప్పులోంచి ఒకటి, లావుది. "ఇంకేం లేవు కదా?" అంది నర్సు. "లేవు బిడ్డా," అంటూనే చెవి వెనకనుంచి ఇంకోటి తీసిచ్చింది.

బల్ల మీద పడుకున్నాక మాత్రం నా చెయ్యి వదల్లేదు. మొదటిసారి ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"రంగేంది?" అని అడిగింది చిన్నగా.

"నెమలికంఠం అక్కా."

"అబద్ధం," అంది. కళ్ళు మూతలు పడుతుండగా, "కానీ గట్లనే అనుకుంట తియ్యి," అంది.

వెనకాల ప్రొఫెసరుగారు, పక్కన మా సీనియర్లు, గోడ దగ్గర జూనియర్లు. అందరూ నా చేతుల వంకే చూస్తున్నారు. గొట్టాల దగ్గరికి వచ్చేసరికి, కడుపులోకి దింపిన కెమెరా తెర మీద రెండు పోగులు, పక్కపక్కనే, కవలల్లా. నిజం కడుపు యంత్రంలోలా శుభ్రంగా లేదు. వాపుంది, కొవ్వుంది, అక్కడక్కడా నెత్తురు, మామూలు ఎర్రటి నెత్తురు. నేను ఆగాను. ఏది ఏదో ప్రొఫెసరుగారు చెప్పెయ్యొచ్చు, చెప్పలేదు. పిత్తాశయం మెడ దగ్గరనుంచి పట్టుకుని మెల్లగా కిందికి వచ్చాను. సన్నది వెనక్కి తిరిగింది. దానితోపాటే నేనూ తిరిగాను. "అయ్యిందా? ఫంక్షన్ రేపే!" అని చెవిలో వినపడింది. మాస్కులో నవ్వొచ్చింది.

"ఏమైంది?" అన్నారు ప్రొఫెసరుగారు.

"దొరికింది సర్," అన్నాను.

ఆయన వంగి చూసి, "కొయ్యి," అన్నారు.

పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, నాలుగూ నేనే కుట్టాను. ఒక గింజంత జాగా వదిలాను.

రెండో రోజు టైలరక్క అద్దం తెప్పించుకుంది. చుట్టూ మేమందరం, ప్రొఫెసరుగారితో సహా, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు నిలబడ్డాం. అద్దం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మూడు మంచిగున్నయి," అంది. "బొడ్డు కాడిది జర వంకర వోయింది. ఇప్పి మళ్ల ఏస్తవా?"

"విప్పనక్కా."

"సరే ఉండనియ్. కనవడేటిది కాదు గదా."

ప్రొఫెసరుగారు నవ్వు ఆపుకోలేక వార్డు బయటికి వెళ్ళిపోయారు. మరుసటి సోమవారం ఆపరేషన్ల జాబితాలో నా పేరుంది.

ఆ తరువాత ఆవిడ షాపులో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ, "నా రాళ్లు ముందుగాల నేనే తీసిన, తర్వాత డాక్టరమ్మ తీసింది," అని చెప్పేది. ఆ రాళ్ళు సీసాలో పోసి గుండీల డబ్బాల పక్కన పెట్టింది. ఒకావిడ వాటిలో ఆరు ఏరి, ఇవి నా డ్రస్సుకి సరిపోతాయి, కుట్టెయ్యమందట.

సుధాకర్ గారు భయం భయంగా అడిగారు, ఆవిడ కడుపుని యంత్రంలో అలాగే ఉంచుకోవచ్చా అని. కాగితం మీద సంతకం పెట్టింది. "ఉంచుండ్రి, పిల్లలు నేర్చుకుంటరు. కానీ పేరు రాయొద్దు. ఎవరి కడుపో ఎరుకైతె చేతులు వణుకుతయి," అంది. ఆవిడ పేరు నేనిక్కడ కూడా రాయకపోవడానికి అదే కారణం.

ఇప్పుడు ఆ యంత్రాలు మా ఆసుపత్రిలోనే ఒక గది నిండా ఉన్నాయి. కొత్తగా వచ్చిన పీజీలకి నేర్పేది నేనే. ఆవిడ పోయిందని తెలిసిన మర్నాడు ఆ గదిలో నలుగురున్నారు. వెతికి ఆవిడ కడుపే తెరిచాను. మొదటి అమ్మాయి నల్గొండ నుంచి వచ్చింది, భయస్తురాలు. రెండుసార్లు తప్పు గొట్టం కోసింది. మూడోసారి పిత్తాశయం మెడ పట్టుకుని, నెమ్మదిగా తడుముకుంటూ, సన్నది తిరిగినచోట తనూ తిరిగి, సరిగ్గా కత్తిరించి బయటికి తీసింది. హెడ్‌సెట్ తీసి చెమట తుడుచుకుంది.

"మేడం, ఇది నిజం పేషెంట్ స్కాన్ అన్నరు గదా," అంది. "ఆమె బతికిందా?"

"బ్రహ్మాండంగా బతికింది," అన్నాను. "అమీర్‌పేట మొత్తాన్ని తిడుతూ బతికింది. తరవాత ఎవరు? తొందరగా రండి, ఆవిడకి ఎదురుచూడటమంటే ఒళ్ళు మంట."